డెల్ఫీన్ అత్త అచ్చు వేయనివ్వని పాట

నేను టీచరుగా ఉన్న మా భాష బడిలో డెల్ఫీన్ తూనీ పద్దెనిమిదేళ్లు వంట చేసింది. పిల్లలంతా ఆమెను ఎలిసీ అని పిలిచేవాళ్లు. మా మాటలో అమ్మమ్మ అని అర్థం. మా నాన్నకు వరసకు అక్క కాబట్టి నాకు అత్త. పొట్టి మనిషి, వెడల్పాటి చేతులు. ఎడమ మోకాలు ఎప్పుడూ నొప్పే. ఆ మోకాలిని పేరు పెట్టి తిట్టేది. ఏ పేరో చెబితే ఆ పేరుగల పాస్టరుగారు ఇప్పటికీ బాధపడతారు.

మేం అమెరికా కొండల్లో ఉండే చెరోకీ తెగవాళ్లం. మా బడిలో పాఠాలన్నీ చెరోకీలోనే చెప్పాలని నియమం. పుస్తకాలు మాత్రం ఉండేవి కావు. ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు కొని, అక్షరాల మీద తెల్లకాగితం ముక్కలు అతికించి, వాటి మీద మా అక్షరాలు చేత్తో రాసేవాళ్లం. ఆ బొమ్మల్లో ఒంటెలు, ఓడలు, రాజకుమార్తెలు. మా కొండల్లో కనిపించేది ఒక్కటీ ఉండేది కాదు. అందుకని 2011 ఎండాకాలంలో మన కథతో మనమే ఒక పుస్తకం వేద్దామనుకున్నాం. బొమ్మలు ఎవరు వేస్తారన్న ప్రశ్నే రాలేదు. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక అత్త కాగితపు పళ్లేల వెనక అక్రోటు తొక్కల రంగుతో పిల్లలకు జంతువుల బొమ్మలు వేసి ఇచ్చేది. బుట్టలకు అద్దే రంగే అది. పుల్ల నమిలి, కుంచెలా చీల్చి వేసేది.

"ఏ కథ వేద్దాం అత్తా?" అని అడిగాను.

"ఎలుగుబంట్లది. నాకు బాగా వచ్చింది అదొక్కటే."

ఆ కథ మా వాళ్లందరికీ తెలుసు. కానీ అత్త చెప్పినట్టు ఎవరూ చెప్పలేరు. వంటింటి వెనక మెట్ల మీద కూర్చుని, చిక్కుళ్లు ఒలుస్తూ చెప్పేది.

"మనకి ఇంకో వంశం ఉండేది. త్సాగుహి వాళ్లు. వాళ్లలో ఒక పిల్లాడు పొద్దున లేచి అడవికి పోయేవాడు. సాయంత్రం దాకా రాడు. ఇంట్లో ముద్ద ముట్టడు. అమ్మా నాన్నా తిట్టారు, కొట్టారు, వినలేదు. ఒకరోజు వాళ్లమ్మ తల దువ్వుతా మెడ కింద చూసింది. గోధుమరంగు వెంట్రుకలు. వీపంతా అవే. ఏంట్రా ఇదంటే వాడు చెప్పాడూ, అక్కడ తిండి బోలెడుందమ్మా, పొలం దున్నక్కర్లేదు, మీరూ వచ్చెయ్యండి, కాకపోతే ముందు ఏడు రోజులు పస్తుండాలి అని. వంశమంతా కూర్చుని ఆలోచించుకుంది. ఇక్కడ చచ్చేట్టు పనిచేసినా కడుపు నిండట్లేదు కదా అనుకున్నారు. ఏడు రోజులు పస్తున్నారు. ఎనిమిదోనాడు బయల్దేరారు. మిగతా ఊళ్ల పెద్దలు దారిలో ఎదురొచ్చి, వద్దర్రా, ఆగండర్రా అని బతిమాలారు. అప్పటికే వాళ్ల ఒళ్లంతా వెంట్రుకలు. వాళ్లేమన్నారంటే, ఇక నుంచి మమ్మల్ని యోనా అనండి, ఎలుగులం మేం. మీకు ఆకలైనప్పుడు అడవికొచ్చి పిలవండి. మా ఒంట్లో మాంసం మీకిస్తాం. చంపడానికి భయపడకండి, మాకు చావు లేదు అన్నారు. పిలిచే పాటలు నేర్పారు. పెద్దలు నాలుగడుగులు వెనక్కొచ్చి తిరిగి చూస్తే మనుషులు లేరు. ఎలుగుల మంద అడవిలోకి పోతా ఉంది."

ఇక్కడ పిల్లలు ఎప్పుడూ ఒక్కటే అడిగేవాళ్లు. "ఆ పాట నీకొచ్చా ఎలిసీ?"

"వచ్చు."

"పాడవా మరి!"

"నీకేం ఆకలేస్తోందా? ఇప్పుడేగా రెండు గిన్నెలు తిన్నావు, లే, పో."

నిజంగానే ఆమెకు ఆ పాట వచ్చు. ఆమె తండ్రి జారెట్ తూనీ మా లోయలో చివరి పాత తరహా ఎలుగు వేటగాడు. ఆయన పెద్ద కూతురైన అత్తకు ఒక్కదానికే, చిన్నప్పుడే నేర్పాడు. మా ఊరు బిగ్ కోవ్ మొత్తం మీద ఆ పాట తెలిసినవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు. పుస్తకం చివరి పేజీలో పాట కూడా వేద్దామని అడిగితే, ఉల్లిపాయలు తరుగుతున్న కత్తి పక్కన పెట్టి నా వైపు చూసింది.

"వేస్తే పిల్లలు పాడతారు."

"పాడనీ అత్తా. మంచిదేగా."

"పాడితే వాళ్లొస్తారే. మాటిచ్చారు కదా, రావాలి వాళ్లు. మా నాన్న ఒకసారి ఊరికే పిలిచాడు."

"ఏమైంది?"

"బొమ్మలు కావాలా, కబుర్లు కావాలా నీకు?" అని మళ్లీ ఉల్లిపాయలు తరగసాగింది.

తర్వాత నేను చేసిన పని గొప్పగా చెప్పుకునేది కాదు. సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం అత్త చివరి బొమ్మ వేస్తోంది. మంద అడవిలోకి పోతున్న బొమ్మ అది. పనిలో మునిగిపోయి తనకు తెలియకుండానే గొంతులో కూనిరాగం తీస్తోంది. మాటలు కూడా వినిపిస్తున్నాయి. నేను ఆమె వెనక బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. ఫోను తీసి రికార్డు నొక్కాను. డెబ్బై దాటిన మనిషి, రేపు ఈమె పోతే పాట కూడా పోతుంది కదా అనుకున్నాను. ఆమెను అడిగితే కాదంటుందని తెలుసు కాబట్టి అడగలేదు.

అక్టోబరులో అచ్చు నమూనా వచ్చింది. ఆ సందర్భానికని నా తరగతిలోని పదకొండు మంది పిల్లలకు ఆ పాట నేర్పాను. నాలుగే నాలుగు పంక్తులు. వంటింట్లో వినబడకూడదని బడి వెనక గడ్డి మైదానం చివరికి తీసుకెళ్లి నిలబెట్టాను. పదిన్నర అయి ఉంటుంది. ఎండ బాగా ఉంది. కంచె అవతల నిటారు కొండ, నేల మీద మడమ లోతున ఎండుటాకులు. పిల్లలు పాట ఒకసారి పాడారు. రెండోసారి పాడారు. మూడోసారి మధ్యలో ఒక్కొక్కరే ఆపేశారు. ఎందుకాపారని నేను వెనక్కి తిరిగాను.

కొండ మీద నుంచి ఎలుగుబంటి దిగి వస్తోంది. ముసలి మగ ఎలుగు, మూతి తెల్లబడింది. ఆ ఎండుటాకుల మీద ఉడుత పరిగెత్తినా నాకు తరగతి గదిలో వినబడుతుంది. నూటయాభై కిలోల బరువున్న ఆ జంతువు నడుస్తుంటే చప్పుడే లేదు. కంచె తీగను ఛాతీతో వంచి లోపలికి వచ్చింది. మాకు పదడుగుల దూరంలో ఆగి, కుడి పక్కకు ఒరిగి పడుకుంది. ఎడమ ముందుకాలు ఎత్తి పట్టుకుంది. చంక కింద మెత్తటి చోటు కనబడేలా పడుకుని మా వైపే చూస్తూ ఉండిపోయింది.

పిల్లలెవరూ ఏడవలేదు, పరిగెత్తలేదు. టాన్సీ అనే ఆరేళ్ల పిల్ల నా గౌను పట్టుకుని మెల్లగా అడిగింది. "టీచర్, మనం పిలిచాంగా. వచ్చింది. ఇప్పుడేం చెయ్యాలి?"

నేను టాన్సీని నా వెనక్కి లాక్కున్నాను.

అత్త పిండి చేతులతో వంటింట్లోంచి వచ్చింది. ఎలుగును చూసింది. పిల్లలను ఒక్కొక్కరినీ భుజం తట్టి లోపలికి పంపింది. అందరూ వెళ్లాక నా దగ్గరికి వచ్చింది.

"ఎవరు నేర్పారే వీళ్లకి?"

"నేనే అత్తా. నీకు తెలియకుండా ఫోన్లో..."

"సరేలే," అంది. తిట్టి ఉంటే బాగుండేది. నన్ను వంటింటి దాకా వెనక్కి తీసుకొచ్చి, పిండి చేతులతోనే మెట్ల మీద కూలబడి, తండ్రి సంగతి అప్పుడు చెప్పింది.

ఆమెకు తొమ్మిదేళ్లప్పటి మాట. ఆ రోజుల్లో మా మగవాళ్లు రోడ్డు పక్కన ఈకల టోపీలు పెట్టుకుని, కార్లలో వచ్చే జనంతో ఫొటోలు దిగేవాళ్లు. అవి మా టోపీలు కావు. అయినా జనానికి అవే కావాలి. జారెట్ కూడా ఆ ఎండాకాలం టోపీ పెట్టుకున్నాడు. కెమెరా పట్టుకుని వచ్చినవాడెవడో, అసలు సిసలు పాట ఏదైనా పాడవయ్యా అన్నాడు. ఏదో ఒకటి గొణిగి పంపించేయవచ్చు. ఎందుకో ఆయనకు ఆ రోజు రోషం వచ్చింది. అసలుదే పాడాడు.

"పొదల్లోంచి ఎలుగొచ్చి నాన్న కాళ్ల దగ్గర పడుకుంది. ఆ జనం కేకలు పెట్టి, ఫొటోలు తీసుకుని, కారెక్కి పోయారు. నాన్న చేతిలో తుపాకీ లేదు. ఇంట్లో మాంసముంది, ఆకలి లేదు. పో, తప్పైంది పో అన్నాడు. పోలా. ఇంటిదాకా వెనకే వచ్చింది. మొక్కజొన్న కొట్టం పక్కన ఇట్టాగే పడుకుంది. ఇదిగో, కాలు ఇట్టాగే ఎత్తి."

"తర్వాత?"

"ఏం పెట్టినా తినలా. కంకులు పెట్టాం, తేనె పెట్టాం. నేను ఆపిల్ పండు కోసి మూతి దగ్గర పెట్టా. కళ్లు మూసుకుంది. ముక్కు ఎండిపోయి పాత చెప్పులా పగిలింది. నాన్న ఎటు పోతే అటే చూసేది. పదకొండో రోజు చచ్చిపోయింది. నాన్న దాన్ని పాతిపెట్టాడు. ఆ తర్వాత తుపాకీ ముట్టలా, పాట ఎత్తలా, మాంసం నోట్లో పెట్టలా. రెండేళ్లు ఆ కొట్టం వైపు తిరిగి కూర్చుని కూర్చునే పోయాడు."

అంతలో బడివాళ్లు ఫోను చేస్తే హార్లన్ వచ్చాడు. హార్లన్ వచాచా అత్త చెల్లెలి కొడుకు. తెగ తరఫున అడవి జంతువుల శాఖలో పనిచేస్తాడు. ఆరడుగుల మనిషి, ఎలుగుబంట్లను మేకల్లా తోలుకుపోతాడని పేరు.

"పెద్దమ్మా, నీ వంట వాసనకి ఎలుగులు కూడా క్యూ కడుతున్నాయా?" అన్నాడు. ఆ పడుకున్న తీరు చూశాక మళ్లీ నవ్వలేదు. దగ్గరికి వెళ్లి కర్రతో పొడిచాడు. కదల్లేదు. మత్తు సూది వేసి, బండి మీది ఇనప గొట్టం బోనులోకి ఎక్కించి, నలభై మైళ్ల అవతల శిఖరం దాటించి వదిలి వచ్చాడు.

మూడో రోజు పొద్దున బడి తలుపు తీసేసరికి అది అదే చోట ఉంది. పంజాల అడుగు భాగం చిట్లి నెత్తురు కారుతోంది. అదే పక్కకు ఒరిగి, అదే కాలు ఎత్తి పట్టుకుంది. పిల్లలను చర్చి హాలుకు మార్చేశాం.

"రెండోసారి వచ్చిందంటే చంపెయ్యమంటారు పెద్దమ్మా," అన్నాడు హార్లన్. "రూలు అది. కాల్చి గోతిలో పడేస్తాం."

"పిలిపించుకుని గోతిలో పడేస్తారా? నాలుగు రోజులు ఆగు. నాలుగో రోజు నువ్వే రా, మీ తాత తుపాకీ పట్టుకుని రా. ఈలోగా ఎవరూ దీని జోలికి రాకుండా చూసుకో."

"నాలుగు రోజులు ఏం చేస్తావ్?"

"ఆకలి లేకుండా పిలిచాం కదా. ఇప్పుడు ఆకలి తెచ్చుకుంటా. అప్పుడు పిలుపు నిజమవుద్ది." నా వైపు తిరిగింది. "నువ్వు కూడా."

"నేనూనా?"

"పిలిచింది నువ్వేగా? మరి పాస్టరుగారిని కూర్చోబెట్టమంటావా?"

హార్లన్ తల గోక్కున్నాడు. "ఏడు రోజులు కదా పెద్దమ్మా కథలో?"

"ఏడు వాళ్ల లెక్క. ఏడు దాకా కూర్చుంటే మేం కూడా అటే పోతాం."

నవ్వుతూనే అంది. మా ముగ్గురిలో నవ్వింది ఆమె ఒక్కతే.

పొద్దున్నించి పొద్దుగూకే దాకా బడి వెనక మెట్ల మీద కూర్చునేవాళ్లం. రాత్రి ఇంటికెళ్లినా నీళ్లు తప్ప ఏమీ లేదు. మొదటి రోజు తలనొప్పి. రెండో రోజు మా అమ్మ చేసే చిక్కుడు గింజల రొట్టె తప్ప ఇంకేమీ మనసులోకి రాలేదు. మూడో రోజు ఆకలి పోయింది. దాని బదులు వాసనలు వచ్చాయి. కొండ మీద రాలిన ఓక్ చెట్టు కాయల వాసన, వాగు అడుగున రాళ్ల వాసన. రోడ్డు మీద ఎవరైనా నడిచి వెళ్తే, తల తిప్పకుండానే వాళ్లు పొద్దున ఏం తిన్నారో తెలిసేది. ఆ ఎలుగు ఊపిరి తీసే తీరు కూడా చెవిలో పడేది. కాసేపటికి నేను, అత్త, అది ఒకేసారి ఊపిరి తీస్తున్నామని గమనించాను. నా లెక్క మార్చుకుందామని చూశాను. నా వల్ల కాలేదు.

మధ్యాహ్నం ముంజేతులు దురద పెట్టాయి. చొక్కా చేయి పైకి లాగబోయాను. అత్త తల తిప్పకుండానే నా మణికట్టు పట్టుకుంది.

"చూసుకోకు."

నేను చూసుకోలేదు. ఈ రోజు వరకూ నాకు తెలియదు అక్కడ ఏముందో, ఏమీ లేదో.

నాలుగో రోజు పొద్దున హార్లన్ తుపాకీతో వచ్చాడు. "పద పెద్దమ్మా, అయిపోయింది," అన్నాడు. అత్త లేవలేదు. అడవి వైపు చూస్తూ ఉంది. ఆ ముఖంలో కోపం లేదు, నీరసం లేదు. చాలా ఏళ్ల తర్వాత పుట్టింటి దారి కనబడినవాళ్ల ముఖం అది.

"ఇంకో మూడు రోజులు కూర్చుంటాన్రా," అంది.

"నాలుగన్నావుగా?"

"వాళ్లు పైనే ఉన్నార్రా. వాసనొస్తోంది నాకు. మా నాన్న పొగాకు వాసన."

ఆ పొగాకు వాసన నాకూ వస్తోంది. హార్లన్ నా వైపు చూశాడు. ఏమైనా చెప్పు అన్నట్టు సైగ చేశాడు. ఇంకో మూడు రోజులే కదా, కూర్చుంటే ఏం పోయింది అని నాకే అనిపిస్తోంది.

అప్పుడు బడి మూల తిరిగి టాన్సీ వచ్చింది. చర్చి హాలు మా బడికి ఎదురుగానే. చేతులు కడుక్కోవడానికని చెప్పి బయటికి వచ్చిందట. ఎలుగు వైపు చూడను కూడా చూడలేదు. నేరుగా అత్త ముందుకు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఎలిసీ, చర్చిలో అన్నం బాలేదు. గుడ్లు పచ్చిగా ఉన్నాయి. నువ్వెప్పుడొస్తావ్?"

అత్త ఆ పిల్లను చాలాసేపు చూసింది. ఎవరో గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు ఉంది. తర్వాత గొంతులోంచి ఒక గరగర శబ్దం వచ్చింది. అది నవ్వు అని తెలుసుకోవడానికి నాకు క్షణం పట్టింది.

"పచ్చిగానా? ఎవరే వండేది?"

"పాస్టరుగారి భార్య."

"అంతే మరి, ఆ ఇంట్లో అన్నీ అట్టాగే ఏడుస్తాయి," అంటూ మోకాలు పట్టుకుని లేచింది. లేవగానే మోకాలిని పేరు పెట్టి తిట్టింది. నాకు ఊపిరి మామూలైంది.

టాన్సీని హాలుకు పంపేశాక అత్త ఎలుగు దగ్గరికి వెళ్లింది. "ఆకలిగా ఉంది, రా," అని మా భాషలో అంది. అది లేచింది. ఆమె ముందు నడిచింది. అది వెనక నడిచింది. దాని వెనక నేను, హార్లన్. కంచె దాటి, బడి హద్దు దాటి, కొండ మీద ఆమె సొంత నేలలోకి వెళ్లాం. ఆమెకు కళ్లు తిరిగినప్పుడు ఆగేది. అది కూడా ఆగేది. పైన చదునుగా ఉన్న చోట అది తనంతట తానే ఒరిగి పడుకుంది. అత్త నాలుగు పంక్తులూ పాడింది. చిన్నగొంతుతో, తొందర లేకుండా పాడింది. హార్లన్ కాల్చాడు, గుండు సరిగ్గానే తగిలింది. అది అదరలేదు కూడా.

అక్కడే కోసి మాంసం మూటలు కట్టుకున్నాం. నెత్తురు పడ్డ చోట ఆకులు కప్పమంది అత్త. మోకాలెత్తు కుప్ప పోశాం. దిగడం మొదలుపెట్టాం.

"వెనక్కి చూడొచ్చా పెద్దమ్మా?" అన్నాడు హార్లన్.

"చూడొచ్చు. చూసిన పెద్దలుండబట్టే కదా కథ మనదాకా వచ్చింది."

చూశాం. నేను నాలుగు రోజులు తిండి లేని మనిషిని, నా కళ్లను నేను నమ్మను. కానీ హార్లన్ పొద్దున మూడు గుడ్లు, పంది మాంసం తిని వచ్చాడు. అతనూ చూశాడు. దుప్పటి కింద పడుకున్న మనిషి మోకాళ్లు పైకి లాక్కున్నట్టు ఆకుల కుప్ప మధ్యలో లేచింది. ఆకులు అటూ ఇటూ జారి పడ్డాయి. కొండ పైకి పొదలు వరసగా ఒకటి తర్వాత ఒకటి కదిలాయి. మాంసం మూట మాత్రం హార్లన్ భుజం మీదే వెచ్చగా ఉంది.

అత్త ఆ మధ్యాహ్నమే వండింది. ముందు మా ఇద్దరికీ గంజి తాగించి, తర్వాత మాంసం పెట్టింది. బడి పిల్లలు, పెద్దలు, పాస్టరుగారితో సహా అందరూ తలా ఒక ముక్క తిన్నారు. ఉప్పు తక్కువైందని టాన్సీ అంది. తక్కువే, కానీ ఇంకెవరూ ఆ మాట అనలేదు.

పుస్తకం ఆ డిసెంబరులో వచ్చింది. చివరి పేజీలో పాట ఉండాల్సిన చోట అత్త అడవి బొమ్మను పెద్దది చేసి వేయించాం. ఫోన్లో ఉన్నది ఆమె ఎదురుగానే తీసేశాను. పిల్లలకు మర్చిపోండని చెప్పక్కర్లేకపోయింది. మర్నాటికి పదకొండు మందిలో ఒక్కరికీ మొదటి మాట కూడా గుర్తు లేదు. నాకూ లేదు.

హార్లన్ జనవరిలో బదిలీ అడిగి చేపల పెంపకం చెరువులకు వెళ్లాడు. చేపలు ఎవరు పిలిచినా రావని అక్కడ సుఖంగా ఉందట.

నేను అత్తకు క్షమాపణ చెప్పడానికి మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ ఏదో ఒక పని చెప్పి వెనక్కి పంపింది. మూడోసారి బంగాళదుంపలు ఒలిపించుకుని, "ఇక చాల్లే, నీ మొహం చూడలేక చస్తున్నా," అంది. పాట ఎవరికైనా నేర్పిందో లేదో చెప్పలేదు. ఎండాకాలం వచ్చేసరికి ఇంకో పుస్తకం మొదలుపెట్టింది. నీటి మీద నడిచే సాలీడు వీపు మీద గిన్నె పెట్టుకుని లోకానికి నిప్పు తెచ్చిన కథ. ఒక్కో పేజీలో ఎనిమిది కాళ్లు గీయలేక చస్తున్నానని సణుగుతూనే పూర్తిచేసింది. మూడోది సగంలో ఉండగా 2015 మార్చిలో, ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చి, ఆ నిద్రలోనే పోయింది.